ఎట్ల పండుకుంటున్నావమ్మా?

పోయిన నెల కాల్గరీ నుంచి అంకుల్ వాళ్ళబ్బాయి ఫోన్ చేసి, "నాన్న పోయారండీ, నిద్రలోనే" అన్నాడు. అలాంటప్పుడు అనాల్సిన మాటలేవో అన్నాను. కానీ ఒక ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎలా పడుకుని ఉన్నారు? వెల్లకిలానా, పక్కకా? తండ్రి పోయిన మనిషిని ఎవరైనా అడిగే ప్రశ్నేనా అది! అడగలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎందుకంటే ఆ ప్రశ్న నాది కాదు, ఆయనదే.

మేము స్కార్‌బరోలో పద్నాలుగో అంతస్తులో ఉంటాం. ఆయన తొమ్మిదిలో ఉండేవారు. బిల్డింగులో ఉన్న తెలుగువాళ్ళం ఆయన్ని పేరుతో పిలిచింది లేదు, 'తొమ్మిదో ఫ్లోర్ అంకుల్' అంటే చాలు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవారు. అక్టోబరు వచ్చిందంటే రెండు స్వెటర్లు, ఒక మంకీ క్యాప్. ఆ క్యాప్ కూడా కుడి చెవి మీద ఎప్పుడూ పైకి మడిచి ఉండేది. చలికి చెవి ఎర్రబడిపోయేది. "మూసుకోండి అంకుల్" అంటే, "మూసుకుంటే ఎట్లమ్మా, వినపడొద్దా?" అనేవారు.

ఎవరి దగ్గరికి వచ్చినా ఎదురుగా నిలబడేవారు కాదు. పక్కనుంచి మెల్లగా వచ్చి, మన భుజం దగ్గర ఆగి, మనం ఎటు చూస్తున్నామో తనూ అటే చూస్తూ మాట్లాడేవారు. కొత్తవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. ఆయన అనంతపురం వైపు పల్లెల్లో పందొమ్మిదేళ్ళు పశువుల డాక్టరుగా పనిచేశారనీ, ఎదురుగా పోతే గొడ్డు బెదురుతుందని పక్కనుంచి పోవడం అలవాటైందనీ నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఇక్కడికొచ్చాక ఆయన వాన్ అనే పక్క ఊళ్ళో ఒక వేర్‌హౌస్‌లో పనిచేసి రిటైరయ్యారు.

ఇక ఆ ప్రశ్న. లిఫ్టులో కలిసినా, లాండ్రీ రూములో కలిసినా, బాగున్నావా అని అడిగేవారు కాదు. "ఎట్ల పండుకుంటున్నావమ్మా?" అనేవారు. నేను మొదటిసారి విన్నప్పుడు ఏం చెప్పాలో తెలియక, "బానే నిద్ర పడుతోందండీ" అన్నాను. "నిద్ర కాదమ్మా. బోర్లానా, పక్కకా? ఏ పక్క?" అన్నారు. వేసవి పిక్నిక్‌లో ఒకావిడను అలాగే అడిగితే ఆవిడ వాళ్ళాయన్ని వెంటబెట్టుకుని వచ్చి గొడవ పెట్టుకోబోయింది. ఆయనకి గొడవ ఎందుకో అర్థం కాలేదు. "ఎడమ భుజం ఎత్తలేకుండా గిన్నె అందుకుంటాంది, ఆ పక్క మీదే పండుకుంటుందేమో అని అడిగినా" అన్నారు అమాయకంగా. ఆవిడ భుజం నిజంగానే పట్టేసి ఉంది. అయినా ఆ తర్వాత ఆడవాళ్ళు ఆయన్ని చూస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు, నేనూ తప్పుకునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఒకసారి బస్సులో ఆయన పక్కన కూర్చోవాల్సి వచ్చింది. ఎదురు సీట్లో ఒకమ్మాయి కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఆయన ఆ పిల్లని కాసేపు చూసి, నాతో మెల్లగా అన్నారు. "గొడ్డు నిలబడుకోనున్నప్పుడు మన ముందర బాగున్నట్టే ఉంటాదమ్మా. నొప్పి దాచుకుంటాది. పండుకున్నప్పుడు చూడల్ల, అప్పుడు దాచుకోలేదు."

నాకు అప్పటికి ఆయన ఒక మంచి ముసలాయన, కొంచెం తిక్క, అంతే.

మా అమ్మాయికి అప్పుడు పదహారేళ్ళు. దాని క్లాస్‌మేట్ ఒకతె వాళ్ళ కుటుంబంతో హాలిఫాక్స్ వెళ్ళిపోతూ తను పెంచుకునే కొండచిలువని మా అమ్మాయికి ఇచ్చేసింది. కొండచిలువ అంటే అడవుల్లో మేకల్ని మింగేది కాదు. బాల్ పైథాన్ అంటారు. నాలుగడుగులుంటుంది, ముదురు గోధుమ రంగు మీద చింతపండు రంగు మచ్చలు, కరవదు, అరవదు. అయినా పాము పామే కదా. నేను వద్దంటే వద్దన్నాను. మావారు, "పోనీలే, కుక్కయితే రోజుకి రెండుసార్లు కిందికి తీసుకెళ్ళాలి" అన్నారు. ఆ రోజునుంచి అమ్మాయి గదిలోకి వెళ్ళడం మానేశాను. ఉతికిన బట్టలు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేదాన్ని.

మా అమ్మాయి పాముకి 'జంతిక' అని పేరు పెట్టింది. తెలుగులో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడని పిల్ల, పాముకి మాత్రం తెలుగు పేరు వెతికింది. గుమ్మంలోంచి చూస్తే పేరు సరిగ్గానే ఉందనిపించేది. గాజు పెట్టెలో ఒక మూల బోర్లించిన మట్టి చిప్ప కింద, చుట్టలు చుట్టుకుని, మధ్యలో తల పెట్టుకుని పగలంతా పడుకునేది. అచ్చం నూనెలోంచి తీసిన జంతికే.

జనవరి మధ్యలో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మాయి హాల్లో కూర్చుని ఏడుస్తోంది. "షీ ఈజ్ నాట్ స్లీపింగ్ రైట్, అమ్మా" అంది. రెండు రోజులుగా జంతిక చిప్ప కిందికి పోవడం లేదట. చుట్ట చుట్టుకోవడం లేదట. పెట్టె మూలన తాడులా సాగిపోయి, తల పైకెత్తి గాజుకి ఆనించి, గడ్డం ఆకాశానికి పెట్టి అలాగే ఉండిపోతోందట. ఫోన్‌లో వెతికితే ఒకరు కుబుసం విడిచే ముందు అంతే అన్నారు, ఒకరు మెదడు జబ్బు అన్నారు, ఇంకొకరు చనిపోతుందన్నారు. పాముల్ని చూసే క్లినిక్‌కి ఫోన్ చేసి 'వింతగా పడుకుంటోంది' అని చెబితే, ఐదు రోజుల తర్వాత అపాయింట్‌మెంట్ ఇచ్చారు.

'వింతగా పడుకుంటోంది' అన్న మాట వినగానే నాకు తొమ్మిదో ఫ్లోర్ గుర్తొచ్చింది.

తలుపు తీసి నా మాటంతా విని, ఆయన కొంచెం ఇబ్బందిగా నవ్వారు. "పాముల సంగతి నాకు తెలీదమ్మా. నేను చూసినవన్నీ గొడ్లూ గొర్రెలూ. పాము కరిచిన గొడ్లను శానా చూసినా గానీ, పామును ఎవురు చూపిస్తారు నాకు?" అని, ఒక్క క్షణం ఆగి, "అయినా వచ్చి చూస్తాలే. చూసేదానికేముంది" అంటూ చెప్పులేసుకున్నారు. స్వెటరు తిరగేసి తొడుక్కున్నారని మా ఇంటికి వచ్చాక గమనించాను. అంత తొందరలో ఉన్నారు.

అమ్మాయి మూత తీయబోతే వద్దన్నారు. కుర్చీ అడిగి, పెట్టెకి ఎదురుగా కాకుండా పక్కగా వేసుకుని కూర్చున్నారు. వాచీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. అంతే. అరగంట గడిచింది. ముప్పావుగంట గడిచింది. నేను టీ తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను, తీసుకోలేదు. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి నేలమీద కూర్చుని, తనూ చూడటం మొదలుపెట్టింది. నేను కూడా ఎప్పుడు గదిలోకి అడుగుపెట్టానో నాకే తెలియదు.

చివరికి ఆయన, "నోరు చూడు పాపా" అన్నారు. "ఊపిరి తీసుకున్నప్పుడల్లా పెదవులు రవ్వంత విడిపోతాండాయి. చెవి పెట్టి విను."

అమ్మాయి గాజు మీద చెవి పెట్టింది. సన్నగా ఈల వేసినట్టు, బుడగ పగిలినట్టు చప్పుడు. నాక్కూడా వినపడింది.

"అది పైకి చూస్తా లేదు. తల దించితే దానికి ఊపిరాడటం లేదు. లోపల జిగురు చేరినట్టుంది. అందుకే తలెత్తి పెట్టుకోని పండుకుంది. చుట్ట చుట్టుకుంటే ఇంకా కష్టం కదా, అందుకే సాగి పండుకుంది. ఏమీ వింత లేదమ్మా. దానికి తెలిసిన వైద్యం అది చేసుకుంటాంది."

తర్వాత లేచి, గాజుకి వెనక చెయ్యి ఆనించారు. పెట్టె కింద వెచ్చగా ఉండటానికి పరిచిన హీట్ మ్యాట్ మీద అరచెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉంది. ఎప్పుడు పాడైందో ఎవరికీ తెలియదు. థర్మామీటరు పైన లైటు పక్కన అతికించి ఉండటంతో అందులో అంకె ఎప్పుడూ బాగానే కనిపించేది. పాము పడుకునే చోట మాత్రం మంచు. పైగా ఎండ తగులుతుందని మా అమ్మాయే కొత్త సంవత్సరం రోజున పెట్టెని కిటికీ పక్కకి జరిపింది. కిటికీ దగ్గర చలి ఇంకా ఎక్కువని ఆయన అనగానే అమ్మాయి ముఖం మాడిపోయింది.

"నేనే చేశానా?" అంది, తెలుగులోనే.

"ఎండ పడాలని పెట్టినావు. మంచికే కదా" అన్నారు ఆయన.

మందేమైనా చెప్పమని నేను అడిగాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. "లేదమ్మా. ఈ దేశంలో నేను మందు చెప్పకూడదు. చెప్పను. ఆ క్లినిక్‌కి మళ్ళీ ఫోన్ చెయ్యండి. వింతగా పండుకుందని కాదు, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది, చప్పుడొస్తోంది అని చెప్పండి."

అలాగే చెప్పాం. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. మూడు వారాలు ఇంజెక్షన్లు. ఇంకా ఆలస్యమైతే కష్టమయ్యేదని ఆ క్లినిక్ డాక్టరు అన్నప్పుడు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పదేళ్ళు దాటాక అది నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

ఆ మూడు వారాలూ అంకుల్ రోజు మార్చి రోజు వచ్చేవారు. సాయంత్రం ఐదింటికి బెల్ మోగేది. మాతో ఒక్క మాట మాట్లాడి, నేరుగా వెళ్ళి కూర్చునేవారు. అమ్మాయీ ఆయనా పక్కపక్కన కూర్చుని ఊపిరులు లెక్కపెట్టి ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్ళు. ఒకరోజు అది ఆయన్ని ఇంగ్లీషులో అడగడం విన్నాను, ఇక్కడ ఎందుకు డాక్టరుగా పనిచేయలేదని. "లైసెన్సు పరీక్ష ఒకసారి రాసినా పాపా. సగం పాసయినా. మిగతాది రాసే టైముకి మా ఆమెకి బాగలేకపోయె. తర్వాత ఆమె లేకపోయె. తర్వాత వయసు లేకపోయె" అన్నారు. చెప్పిన తీరులో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. మా అమ్మాయికి ఎంత అర్థమయిందో తెలియదు గానీ, ఆ రోజునుంచి ఆయన రాగానే కుర్చీ అదే వేసేది.

ఫిబ్రవరి మొదట్లో ఒక శనివారం మధ్యాహ్నం అనుకోకుండా వచ్చారు. అమ్మాయి ట్యూషన్‌కి వెళ్ళింది. నేను తలుపు తీశాను. హాల్లో మావారు వాలుకుర్చీలో నిద్రపోతున్నారు. వీపు వెనక మూడు దిండ్లు, ఒంటిమీద దుప్పటి. రోజూ వాన్ ఊరిదాకా డ్రైవ్ చేసి వచ్చి అలిసిపోయిన మనిషి, శనివారం పూట కునుకు తీస్తే నాకు వింతేమీ అనిపించలేదు.

అంకుల్ రెండడుగులు వేసి ఆగిపోయారు. పక్కగా జరిగి నిలబడ్డారు. వాచీ తీశారు. నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టారు. చాలాసేపు అలాగే చూసి, వంటింట్లోకి రమ్మని సైగ చేశారు.

"ఎన్ని రోజులుగా ఇట్ల పండుకుంటున్నాడమ్మా?"

"గ్యాస్ అంకుల్. మంచం మీద పడుకుంటే పైకి తన్నుతోందట. నెలన్నర అయింది."

"ముందు దిండ్లు ఎన్ని?"

"ఒకటే. తర్వాత రెండు. ఇప్పుడు మూడు. మూడు పెట్టినా చాలక ఆ కుర్చీలోకి..." అని చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. గాజుకి ఆనించిన తల కళ్ళముందు కనిపించింది.

ఆయన మళ్ళీ హాల్లోకి వెళ్ళి, వంగి, మావారి సాక్సు అంచు వేలితో కొంచెం కిందికి జరిపారు. వాచిన కాలి చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. ఆ గాడిలో వేలి మొన పెట్టి నాకు చూపించారు. మావారికి మెలకువ వచ్చింది.

"నేను గొడ్ల డాక్టర్ని నాయనా. మనిషి సంగతి నాకు తెలీదు. గానీ ఇది గ్యాస్ కాదేమో అనిపిస్తాంది. ఇప్పుడే హాస్పిటల్‌కి పోదాం" అన్నారు.

మావారు కళ్ళు నులుముకుని నవ్వారు. "పాము అయిపోయింది, ఇప్పుడు నా వంతా అంకుల్? సోమవారం ఫ్యామిలీ డాక్టర్‌కి ఫోన్ చేస్తాలెండి."

ఆయన నవ్వలేదు, వాదించలేదు. గుమ్మం పక్కన అలమారా తెరిచి, మావారి కోటు తీశారు. రెండు చేతులతో భుజాల దగ్గర పట్టుకుని, బడికి పోయే పిల్లవాడికి తొడిగేందుకు పట్టుకున్నట్టు తెరిచి పట్టుకుని, కుర్చీ వెనక నిలబడ్డారు. చేతులు దించలేదు. డెబ్బై దాటిన మనిషి అలా నిలబడితే ఎంతసేపని కూర్చుంటారు? మావారు విసుక్కున్నారు, నావైపు చూశారు, మళ్ళీ విసుక్కున్నారు. ఆ చేతులు సన్నగా వణకడం మొదలయ్యాక లేచి, ఒక చెయ్యి దూర్చారు. తర్వాత రెండోది.

గుండె బలహీనపడింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఎమర్జెన్సీలో చూసిన డాక్టరు, "ఎన్నాళ్ళ నుంచి కూర్చుని నిద్రపోతున్నారు?" అని అడిగింది మొదటి ప్రశ్నగా. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఇంట్లోనే పోయి ఉండేవారని ఆమె తర్వాత నాకు విడిగా చెప్పింది. పదకొండు రోజులు హాస్పిటల్లో ఉన్నారు. ఆ పదకొండు రోజులూ మా అమ్మాయికి అన్నం పెట్టింది, జంతికని చూసింది తొమ్మిదో ఫ్లోర్ అంకులే. ఆయనకి వచ్చిన వంట పప్పు ఒక్కటే. పదకొండు రోజులూ పప్పే తిన్నామని అది ఇప్పటికీ చెబుతుంది.

ఒక సాయంత్రం హాస్పిటల్ నుంచి వచ్చి ఆయన ముందు కూలబడిపోయాను. నెలన్నరగా నా కళ్ళముందే జరిగింది. చూడలేదు. "మూడో దిండు నేనే తెచ్చి పెట్టాను అంకుల్" అన్నాను.

ఆయన నా పక్కకి జరిగి, నేను చూస్తున్న గోడనే తనూ చూస్తూ కూర్చున్నారు. "దిండు పెట్టినావు కదమ్మా. ఊపిరాడేటట్టు చేసినావు. అదేం తప్పు?" అన్నారు. ఆ మాటతోనే నేను ఆ చలికాలం దాటాను.

మావారు కోలుకున్నారు. ఉప్పు తగ్గింది, మందులు పెరిగాయి, మళ్ళీ మంచం మీద ఒక్క దిండుతో పడుకోవడం మొదలుపెట్టారు. జంతిక కూడా చిప్ప కిందికి చేరి చుట్ట చుట్టుకుంది. అంకుల్‌కి ఏమివ్వాలో మాకు తెలియలేదు. శాలువా తీసుకెళితే, "రెండు స్వెటర్ల మీద ఇది పట్టదమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. నేను బతిమాలితే, "నన్ను చూడనిచ్చినారు. ఇరవై రెండేళ్ళయింది ఒక జీవిని చూసి చెప్పమని నన్ను ఎవరన్నా అడిగి" అన్నారు.

ఆ మాట మావారికి చెప్పాను. ఆయన, జూన్‌లో డాక్టరు డ్రైవ్ చేయొచ్చని చెప్పగానే, ఆ ఆదివారమే అంకుల్‌ని కారెక్కించారు. ఎక్కడికో చెప్పలేదు. ఊరు దాటి, ఉత్తరంగా గంటన్నర పోయాక, రోడ్డు పక్కన ఒక పాడి ఫారం. చీజ్ కొనడానికి వచ్చినవాళ్ళని పశువుల కొట్టందాకా రానిస్తారని ఎవరో ఆఫీసులో చెప్పారట.

కారు తలుపు తీయగానే పేడ, పచ్చి గడ్డి వాసన వచ్చింది. అంకుల్ దిగి, క్యాప్ మొత్తం తీసేసి జేబులో పెట్టుకున్నారు. కొట్టంలో తాడు కట్టి ఉంది, అవతల ఇరవై ముప్పై ఆవులు, నలుపూ తెలుపూ. కొన్ని పడుకుని నెమరువేస్తున్నాయి. ఆయన తాడు దగ్గర నిలబడిపోయారు. మేము చీజ్ కొనుక్కుని వచ్చాం, అక్కడే ఉన్నారు. పిల్లలు వచ్చి చూసి వెళ్ళిపోతున్నారు, ఆయన కదల్లేదు.

రబ్బరు బూట్లేసుకున్న ఒక పెద్దావిడ, ఆ ఫారం యజమానురాలు, ఆయన్ని చూస్తూ వచ్చింది. "మీకు ఆవులున్నాయా?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఆయన కొంచెం తడబడ్డారు. నావైపు చూశారు. తర్వాత వీపు నిటారుగా చేసి, "నేను వెట్‌నండీ. పందొమ్మిదేళ్ళు చేశాను, ఇండియాలో" అని ఇంగ్లీషులోనే చెప్పారు.

ఆవిడ ఏమీ ఆలోచించలేదు. తాడు కొక్కెం తీసి, "లోపలికి రండి, డాక్టర్" అంది.

ఆయన పక్కనుంచి నడిచి, చివరన పడుకున్న ఒక ముసలి ఆవు దగ్గరికి వెళ్ళారు. మెడ మీద చెయ్యి వేశారు. అది చెవి కదిపి ఊరుకుంది. గడ్డిలో గొంతుకూర్చుని, డొక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నారు. అలా ఎంతసేపున్నారో. ఆవు నెమరు ఆపలేదు. మావారు నా పక్కన నిలబడి మొహం తిప్పుకున్నారు.

తిరిగి వచ్చాక నేను అడిగాను. "ఏమన్నా జబ్బా అంకుల్ దానికి?"

"ఏమీ లేదమ్మా" అన్నారు. ముఖమంతా వెలిగిపోతోంది. "బ్రహ్మాండంగా ఉంది. కడుపునిండా తిని హాయిగా పండుకుంది."

కారెక్కాక మావారు అలవాటుగా శానిటైజర్ సీసా వెనక్కి అందించారు. అంకుల్ తీసుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదానిమీద ఒకటి మూసుకున్నారు.

"వద్దులే నాయనా" అన్నారు. "ఈ పొద్దు చేతులు కడగబుద్ధి కావట్లేదు."